వినికిడి గదియు దాని గోడలును



నేను కూర్చుండి మాటలాడుచున్న యీ ప్రసారపు గదికి కిటికీలు లేవు. గోడలకు మెత్తని పొరలు కప్పియున్నవి. తలుపు ధాన్యపు కొట్టు తలుపువలె దళసరిగా నున్నది. లోపలికి వచ్చి చప్పట్లు చఱచి చూచితిని. ఆ చప్పుడు నా యఱచేతుల యొద్దనే యణగిపోయినది. ముప్పదియైదేండ్లు బడిలో పాఠములు చెప్పినవాడను గాన, నా మాట యెదుటి గోడను తాకి తిరిగి నా చెవికి వచ్చుటకు నేనలవాటుపడితిని. ఇచ్చట నట్లు రాకపోవుట చేత మొదట కొంత బెదరితిని. తరువాత నవ్వుకొంటిని. ఏలయనగా, ఈ దినము నేను చెప్పవచ్చినది గోడలను గూర్చియే.

“గోడలకు చెవులుండును” అని మన పెద్దలు చెప్పుదురు. రహస్యము మాటలాడువానికి అది మంచి హెచ్చరిక. అయితే గోడలకు చెవులే కాక నోరును గలదని నాకు వార్ధక్యమునందు తెలిసినది. అది తెలిసిన విధమును, దాని వెనుక నున్న చరిత్రమును మనవి చేసెదను.

ఉద్యోగము విరమించిన పిమ్మట నేను హైదరాబాదు నగరమున అమీరుపేటలో మా యబ్బాయి యింట నుంటిని. అమీరుపేట, పంజాగుట్ట యనునవి ఒకదాని నొకటి యొఱసికొనియున్న పేటలు. పంజాగుట్ట యను పేరులోనే గుట్ట యున్నది. ఇప్పుడు గుట్టకు బదులు మేడలును వంతెనలును గానవచ్చుచున్నవి. 2017 నవంబరులో అమీరుపేట మీదుగా మెట్రో రైలు వచ్చినది. 2018 సెప్టెంబరులో పంజాగుట్ట దారియు తెఱవబడినది. ఇట్టి సందడిలో, మూడవ యంతస్తున, మా యబ్బాయి సంగీతము వినుటకై యొక గదిని ప్రత్యేకించెను. పొడవు 15 అడుగులు, వెడల్పు 12 అడుగులు, ఎత్తు 10 అడుగులు. నేల నున్నని పలకలు. గోడలు సిమెంటు పూత. పంజాగుట్టలోని యొక యంగడినుండి స్టీరియో స్పీకర్లు రెండు తెచ్చి యందు నిలిపెను.

మా తండ్రిగారు నల్లగొండ జిల్లాలో హరికథలు చెప్పినవారు. 1974వ సంవత్సరమున మా యూరి దేవాలయపు ముంగిట వారు చెప్పిన కథ నొకదానిని, పట్టణమునుండి వచ్చిన బంధువొకడు చిన్న టేపు యంత్రమున పట్టియుంచెను. వారి గొంతు మాకు మిగిలినది ఆ యొక్క కాసెట్టులోనే. నా మనుమలు వారిని చూచియుండలేదు. క్రొత్త గదిలో వారందఱను కూర్చుండబెట్టి ఆ కథ వినిపించితిమి. చిడతల మ్రోత వినబడెను, గజ్జెలు వినబడెను, మృదంగము ఉఱిమినట్లు వినబడెను. మాట మాత్రము తెలియలేదు. ఒక పదముమీద మఱియొక పదము పడి, పద్యమంతయు బావిలో పలికినట్లుండెను. మనుమడు “తాతయ్యా, ఇది తెలుగేనా?” అని యడిగెను. ఆ మాట నా మనసున ముల్లువలె గ్రుచ్చుకొనెను.

లోపము కాసెట్టుదని కొందఱనిరి, స్పీకర్లదని కొందఱనిరి. నేను మాత్రమొక విషయము ఆలోచించితిని. ఆ కథ చెప్పినది బయలు ప్రదేశమున. అచ్చట గోడలు లేవు, కప్పు లేదు. బావిలోని మ్రోత ఆనాడు పుట్టుటకు వీలే లేదు. కావున ఆ మ్రోతను కలిపినది మా గదియే.

ఈ సంగతి మన పూర్వులకు తెలియనిది కాదు. భరతముని నాట్యశాస్త్రమున రెండవ యధ్యాయమంతయు నాట్యగృహ నిర్మాణమును గూర్చియే కలదు. మనుష్యులకు తగిన నాట్యగృహము 64 హస్తముల పొడవు, 32 హస్తముల వెడల్పు ఉండవలెనని యాయన నియమించెను. హస్తమును అడుగున్నరగా నెంచినచో ఇది 96 అడుగుల పొడవు, 48 అడుగుల వెడల్పు. అంతకు మించిన మందిరమున పాత్రల పలుకు స్పష్టత కోల్పోవునని కారణమును చెప్పెను. మండపము కొండగుహ యాకారమున నుండవలెననియు, కిటికీలు చిన్నవై గాలి విసరు లేక యుండవలెననియు, అప్పుడే ధ్వని గంభీరమగుననియు చెప్పెను. మేస్త్రీతో మాటలాడునప్పుడు గది యెంత చల్లగా నుండునని యడుగుదుము గాని, అందు మాట యెట్లు వినబడునని యడుగువారము కాము. భరతుడు ఆ ప్రశ్ననే మొదట నడిగెను.

మన తెలుగునేలలోనే దీనికి గొప్ప తార్కాణమున్నది. గోలకొండ కోటలో ఫతే దర్వాజా గుమ్మటము క్రింద నిలిచి చప్పట్లు కొట్టినచో, సుమారొక కిలోమీటరు దూరమున కొండశిఖరముననున్న బాలాహిస్సారునందు వినబడును. గుమ్మటపు లోపలి వంపు చప్పుడును చెదరనీయక కూడగట్టి పంపును. శత్రువుల రాకను పైవారి కెఱిగించుటకు ఇది యుపయోగపడెడిదని చెప్పుదురు. బిజాపురములో మహమ్మదు ఆదిల్‌షా సమాధియైన గోల్‌గుంబజునందు, గుమ్మటము చుట్టునున్న వసారాలో గోడ దగ్గఱ గుసగుసలాడిన మాట అవతలి ప్రక్కన చెవి యొగ్గినవానికి వినబడును. ఒక్క కేక పలుమార్లు మాఱుమ్రోగును. చూచుటకు వింతయే గాని, ఆ గుమ్మటము క్రింద పురాణము చెప్పబూనినచో ఒక్క శ్లోకమైనను తెలియదు. చప్పుడును దూరము పంపు గోడ వేఱు. మాటను తేటగా వినిపించు గోడ వేఱు.

ఈ భేదమును లెక్కలోనికి తెచ్చినవాడు అమెరికా దేశపు హార్వర్డు విశ్వవిద్యాలయ ఉపాధ్యాయుడు వాలెస్ సబైను. 1895వ సంవత్సరమున ఆ విశ్వవిద్యాలయమునకు ఫాగ్ మ్యూజియమను క్రొత్త కట్టడము వచ్చినది. అందలి యుపన్యాసశాలలో గురువు చెప్పు మాట యొక్కటియు శిష్యులకు తెలియలేదు. ఒక్క పలుకు అయిదున్నర సెకండ్ల వఱకు గదిలో తిరుగుచుండెను. అంతలో ఉపన్యాసకుడు మఱి పదునైదు మాటలు పలుకును గదా! దీనిని సరిచేయుమని పెద్దలు సబైనుకు అప్పగించిరి. అప్పటికాయన యిరువదియేడేండ్ల యువకుడు.

ఆయన రాత్రివేళ ఊరు మాటుమణిగిన పిమ్మట పని చేసెను. చేతిలోని పరికరములు ఒక ఆర్గను గొట్టము, ఒక గడియారము. వేఱొక నాటకశాలనుండి కూర్చుండు మెత్తలను మోయించి తెచ్చి, కొన్ని కొన్నిగా పఱపించి, గొట్టము నూది ఆపి, ధ్వని యెంతసేపటికి అణగునో కొలిచెను. తెల్లవారకమునుపే మెత్తలను మరల చేర్చవలసియుండెను. ఇట్లు నెలల తరబడి శ్రమించి సూత్రమును కనుగొనెను. గది యెంత పెద్దదైన మ్రోత యంత సేపు నిలుచును. మ్రింగు వస్తువులు ఎంత యెక్కువైన అంత త్వరగా అణగును. ఆయన సలహాపై కట్టిన బోస్టను సంగీతశాల 1900 అక్టోబరులో తెఱవబడినది. ప్రపంచములోని మేలైన సంగీతశాలలలో నొకటిగా నేటికిని పేరొందియున్నది.

సబైను కొలతలోని యందమేమనగా, దానికి ప్రమాణము తెఱచిన కిటికీ. తెఱచిన కిటికీ గుండ పోయిన ధ్వని మరల రాదు. కావున ప్రతి వస్తువును ఎన్ని చదరపుటడుగుల కిటికీకి సమానమో లెక్కింపవచ్చును. మా గదికి ఈ లెక్కను వేసితిని. నేల, కప్పు, నాలుగు గోడలు కలిసి 900 చదరపుటడుగులు. నున్నని సిమెంటు పూత నూటికి మూడు పాళ్లు మాత్రమే మ్రింగును. అనగా ఆ 900 అడుగులును 27 అడుగుల కిటికీకి సమానము. గది ఘనపరిమాణము 1800 ఘనపుటడుగులు. దీనిని 0.049 చేత గుణించి 27 చేత భాగించినచో మూడు సెకండ్ల పైచిలుకు వచ్చినది. ఇంటిలో మాటయు పాటయు తేటగా వినబడుటకు అర సెకండునకు దగ్గఱగా నుండవలెను. మా నాయనగారి పద్యము బావిలో పడుటకు కారణము అంకెలలో కానవచ్చినది.

ఇక స్పీకరునకును గోడకును గల చుట్టఱికము చెప్పెదను. నేటి స్పీకరునకు మూలమైన యంత్రమును అమెరికాలో రైసు, కెలాగు అను నిద్దఱు 1925లో లోకమునకు తెలిపిరి. అందొక కాగితపు గిన్నె ముందునకును వెనుకకును కదలును. విసనకఱ్ఱ విసరునప్పుడు ముందు గాలి ఒత్తుకొనును, వెనుక గాలి పలుచనగును. అంచు చుట్టి గాలి వెనుకకు జాఱును. గిన్నె విషయమునను అంతియే. ముందు పుట్టిన మంద్రధ్వనిని వెనుక పుట్టినది చెఱచివేయును. అందుచేత ఆ రెంటికి నడుమ అడ్డు కావలెను. పెద్ద పలక యైనను సరే, పెట్టె యైనను సరే, గోడ యైనను సరే. ఇంటి గోడకే రంధ్రము చేసి స్పీకరు నమర్చిన వారు కలరు. గోడయే దానికి పెట్టె. అమెరికాలో పాల్ క్లిప్షు 1940వ దశకమున గది మూలనే బూరవలె వాడుకొను స్పీకరును చేసెను. ఎడ్గారు విల్చరు 1954లో గాలి చొరని చిన్న పెట్టెతోనే మంద్రస్వరము తెప్పించెను. నాటినుండి స్పీకరు గోడను విడిచి గదిలోనికి నడచివచ్చినది. కాని గోడ దానిని విడువలేదు. స్పీకరును గోడకు చేర్చిన కొలది మంద్రధ్వని హెచ్చును. మూలకు చేర్చిన మఱింత హెచ్చును. మా మృదంగము ఉఱుముటకు ఇదియొక కారణము.

స్టీరియో యనగా రెండు చెవులకు రెండు స్పీకర్లని తలచవలదు. 1881లో పారిసు విద్యుత్ప్రదర్శనమున క్లెమాన్ ఆదేరు నాటకశాల సంగీతమును రెండు టెలిఫోను తీగలపై రెండు చెవులకు వినిపించెను. ఇంగ్లండులో ఆలన్ బ్లూమ్లైను 1931లో హక్కు కోరుచు దాఖలు చేసిన పత్రమున నేటి స్టీరియో పద్ధతికి పునాది వేసెను. ఇరువైపుల స్పీకర్లు ఒకే ధ్వనిని సమముగా పలికినచో, అది నట్టనడుమ నుండి వచ్చినట్లు తోచును. అయితే ప్రక్క గోడలు రెండును ఒక తీరున నుండవలెను. ఒక ప్రక్క గాజు కిటికీ, మఱియొక ప్రక్క తెఱ యున్నచో పాడువాడు నడుమ నిలువక ఒక ప్రక్కకు ఒఱగును. దీనికొక సులభోపాయమున్నది. వినువాడు తన చోట కూర్చుండగా, మఱియొకడు ప్రక్క గోడమీద అద్దమును జరుపుచు పోవలెను. ఎచ్చట అద్దమున స్పీకరు కనబడునో, అచ్చటనే ధ్వనియు గోడను తాకి చెవికి వచ్చును. మెత్త వేయవలసినది అచ్చటనే.

ఇంతవఱకు తెలిసికొని పనికి దిగితిని. దిగి తప్పు చేసితిని. అదియు చెప్పవలెను.

మా గది గోడ కవతల నొక వృద్ధురాలుండెను. గుండెజబ్బు మనిషి. ఒకనాడామె వచ్చి, “పంతులుగారూ, మీ నాయనగారి కథ నాకు వినబడుట లేదు గాని, దాని దెబ్బ నా మంచపుకోళ్లకు తగులుచున్నది” అనెను. నేను సిగ్గుపడితిని. ఎవరో చెప్పగా విని, కోడిగ్రుడ్లు పెట్టి యమ్ము అట్టపళ్లెములు తెచ్చి గోడనిండ అంటించితిని. గదిలో గలగల కొంచెము తగ్గినది. ఆమె మంచమునకు తగులు దెబ్బ రవంతయు తగ్గలేదు. మెత్తని వస్తువు గదిలోని మ్రోతను మ్రింగును గాని, గోడ దాటిపోవు ధ్వనిని ఆపలేదు. ఆపునది బరువు. గోడ బరువు రెట్టింపైన కొలది దాటు ధ్వని తగ్గును. ఈ రెండు ధర్మములును వేఱని తెలియక పోవుటయే నా తప్పు.

అటులైన ఇటుక గోడ మఱియొకటి కట్టుదమని మేస్త్రీని పిలిచితిని. అతడు మఱునాడే ఇటుక తెత్తుననెను. మా యబ్బాయి మాత్రము ఇంజనీరు నడుగక ఇటుక తాకవలదని పట్టుబట్టెను. అది మా యదృష్టము. 15 అడుగుల పొడవు, 10 అడుగుల యెత్తు గల నాలుగున్నర అంగుళముల గోడ, ఇరువైపుల పూతతో, మూడు టన్నులకు మించి తూగును. మూడవ యంతస్తు పలకపై, క్రింద దూలము లేని చోట, అంత బరువు పెట్టుట క్రింది యింటివారి తలపై పెట్టుటయే యని ఇంజనీరు చెప్పెను. దానికి బదులు, పాత గోడకు తగులకుండ కొంత యెడము విడిచి, వేఱుగా ఇనుప చట్రము నిలిపి, దానిపై జిప్సము పలకలు రెండు వరుసలుగా బిగించి, నడుమ ఱాతినార మెత్తను కూర్పించితిమి. దీని పలకల బరువు మూడువందల కిలోలకు లోపలనే. రెండు గోడల నడుమనున్న యెడము, ఒకదాని కదలిక మఱియొకదానికి తగులకుండ చేయును. సందులన్నియు పూడ్చించితిమి, చీమ దూరు సందున ధ్వని దూరును.

లోపలి మ్రోతకు మందు వేఱుగా చేసితిమి. కఱ్ఱ చట్రములలో దూది పఱుపులు బిగించి, ఖద్దరు గుడ్డ కప్పి, అద్దము చూపిన తావులందును, వెనుక గోడమీదను వ్రేలాడదీసితిమి. అవి 100 చదరపుటడుగులు. నేలపై దళసరి తివాసి పఱచితిమి. నా పుస్తకముల బీరువాలను కూడ ఆ గదిలోనికే చేర్చితిమి. ఈ లెక్కకు మ్రోత అర సెకండునకు కొంచెము పైగా దిగినది. మంద్రధ్వని మాత్రము దూదికి లొంగదు. సెకండునకు 47 మార్లు కదలు ధ్వని యొక్క అల 24 అడుగుల పొడవుండును. 12 అడుగుల గదిలో అది సరిగా ఇముడుకొని ఊగును. దానికై స్పీకర్లను గోడనుండి మూడడుగులు ముందునకు జరిపితిమి, యంత్రమున మంద్రమును తగ్గించితిమి. రాత్రి పదిగంటలనుండి ఉదయ మాఱు వఱకు నివాసస్థలములందు 45 డెసిబెల్లులకు మించరాదని 2000 సంవత్సరపు ప్రభుత్వ నియమమున్నది. మేము తొమ్మిదింటికే ఆపుచున్నాము. ఏ గోడయు చేయలేని పనిని ఆ మర్యాద చేసినది.

అమీరుపేటలో నివసించువాడు ఈ విద్య క్రొత్తదని యనరాదు. 1950వ దశకమున అక్కడనే సారథి స్టూడియో వెలసినది. 1959లో వచ్చిన ‘మా ఇంటి మహాలక్ష్మి’ చిత్రము అందు నిర్మింపబడినది. చలనచిత్రశాలల గోడలకు మెత్తలు కట్టుట ఆ వృత్తిలో నిత్యకృత్యము. అంతకుముందే, 1935లో, నిజాము ప్రభుత్వము హైదరాబాదు రేడియోను తన చేతిలోనికి తీసికొనెను. 1950 ఏప్రిలులో అది ఆకాశవాణిలో చేరినది. రేడియో వచ్చిన నాటనుండి ప్రతి ప్రసారకేంద్రమును గోడలతో ఈ పోరాటమే చేయుచున్నది. మీరు వినునది వక్త గొంతు మాత్రమే కావలెను గాని వక్త కూర్చుండిన గది కారాదు.

పని ముగిసిన దినమున మరల ఆ కాసెట్టును పెట్టితిమి. పద్యము పద్యముగా వినబడెను. మనుమడు ఆ ప్రశ్న మరల నడుగలేదు. ఒకచోట, రెండు పద్యముల నడుమ, ఏదో గొణుగుడు ఉండెడిది. అది టేపు లోపమని ఇన్నేండ్లును అనుకొంటిని. ఆనాడు తెలిసినది: మా నాయనగారు తగ్గుస్వరమున, “అబ్బాయీ, దీపము కొంచెము ఇటు జరుపు” అనుచున్నారు. ఆ దీపము ప్రక్క కూర్చున్న బాలుడను నేనే. తరువాతి ఏకాదశినాడు గోడ కవతలి వృద్ధురాలిని పిలిచి కూర్చుండబెట్టితిమి. కథ యంతయు వినినది.

గ్రామములలోని పెద్దలకు ఈ కథ యేల యని మీరడుగవచ్చును. ఇప్పుడు ఊరూర సమావేశమందిరములు, భజనమందిరములు, బడిగదులు సిమెంటుతో, నున్నని పలకలతో కట్టుచున్నారు. చూపునకు అద్దమువలె నున్నవి. లోపల మాట తెలియదు. తెలియనందున పెద్ద స్పీకర్లు తెత్తురు. చప్పుడు హెచ్చును, మాట మఱింత కలగాపులగమగును. శబ్దము హెచ్చిన స్పష్టత హెచ్చదు. వెనుక బెంచీలోని పిల్లవాడు పాఠము వినలేక మందబుద్ధి యనిపించుకొనును. చెవి మందగించిన ముసలివాడు సభలో తల యూపి, ఇంటికి పోయి, ఏమి తీర్మానించిరని కోడలి నడుగును. నేనును ముప్పదియైదేండ్లు అట్టి గదులలో పాఠము చెప్పితిని. వెనుకవాడు వినకుండుట వాని తప్పని ఎన్నిమార్లో కసరితిని. ఇప్పుడు తలచుకొనిన బాధ కలుగుచున్నది.

కావున మీ యూర క్రొత్త మందిరము కట్టునప్పుడు, పూత యారిన పిమ్మట లోపల నిలిచి ఒక్క చప్పట చఱచి వినుడు. అది గింగురుమని సాగినచో, స్పీకరునకు సొమ్ము కూడబెట్టకముందు వెనుక గోడకు దూది పఱుపులో, గొంగళ్లో, నారచాపలో వ్రేలాడదీయుడు. ప్రక్కవారికి బాధ లేకుండ చేయవలెనన్న బరువైన గోడయు, బిగువైన తలుపును కావలెను. లోపలివారికి మాట తెలియవలెనన్న మెత్తదనము కావలెను. ఈ రెంటిని కలగలుపకుడు. అంతస్తుపై గోడ లేపవలసివచ్చినచో ఇంజనీరును అడుగక లేపకుడు.

సెలవు.